సరిహద్దు తాలూకాలలో సౌర విద్యుత్తు: విధానపు చిక్కుముడులు

తుమకూరు జిల్లాకు ఉత్తరపు కొసన ఉన్న పావగడ తాలూకా పాలన రీత్యా కర్ణాటకదే గాని, దానికి మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ నేలే. ఇక్కడి చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, కచ్చేరీలో రాసేది కన్నడం. వేరుశనగ వేసి ఆకాశం వైపు చూడడం, వాన తప్పితే బెంగళూరు బస్సెక్కడం తరతరాలుగా ఈ తాలూకా అనుభవం. ఆ నేల మీదనే తిరుమణి, బలసముద్రం, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలలో సోలార్ పలకలు పరచుకొని ఉన్నాయి. 2018 మార్చిలో తొలి దశ ప్రారంభమై, 2019 డిసెంబరు నాటికి 2,050 మెగావాట్ల పూర్తి సామర్థ్యానికి చేరిన ఈ కేంద్రం, ఆ కాలంలో ప్రపంచంలోనే అతి పెద్ద సోలార్ పార్కులలో ఒకటిగా పేరు పొందింది.

దేశమంతటి విద్యుత్తును బొగ్గు నుండి ఎండకు, గాలికి, నీటికి మళ్లించే పనిలో ఎక్కడెక్కడ చిక్కులు పడుతున్నవో తెలుసుకోవడానికి ఢిల్లీ కాగితాల కంటె ఈ సరిహద్దు పల్లెలే మంచి పాఠ్యపుస్తకం. పలకలు తయారు చేయడం, బిగించడం నేడు కష్టమైన పని కాదు. భూమి ఒకరి చేతిలో, తీగ మరొకరి చేతిలో, ధర ఇంకొకరి చేతిలో, వాడుకునే వేళ ఎవరి చేతిలోనూ లేకపోవడమే అసలు చిక్కు.

లక్ష్యాలు, లెక్కలు

జాతీయ సౌర మిషన్ 2010 జనవరిలో మొదలైనప్పుడు 2022 నాటికి 20,000 మెగావాట్లు సాధించాలని అనుకున్నారు. 2015లో దానిని లక్ష మెగావాట్లకు పెంచారు. 2021 నవంబరులో గ్లాస్గో సదస్సులో, 2030 నాటికి బొగ్గు, చమురు, గ్యాసులతో పని లేని స్థాపిత సామర్థ్యం 5 లక్షల మెగావాట్లకు చేరాలనీ, 2070 నాటికి నికర కర్బన ఉద్గారాలు సున్నా కావాలనీ ప్రధానమంత్రి ప్రకటించారు. 2025 మధ్య నాటికి దేశపు మొత్తం స్థాపిత సామర్థ్యంలో సగం అణు, జల, సౌర, పవన వనరులదేనని ప్రభుత్వం వెల్లడించింది.

ఈ "సగం" అనే మాటను జాగ్రత్తగా చదవాలి. స్థాపిత సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. రాత్రి ఎండ ఉండదు, మబ్బు పట్టిన నాడు తగ్గుతుంది. అందువల్ల వంద మెగావాట్ల సౌరకేంద్రం ఏడాది పొడవునా సగటున ఇచ్చేది 20 నుండి 25 మెగావాట్ల పాటి మాత్రమే. రాయచూరులోని బొగ్గు కేంద్రం వంటిది అవసరమైతే రాత్రంతా నడుస్తుంది. సామర్థ్యంలో సగం వచ్చినా, దేశం వాడుతున్న యూనిట్లలో మూడింట రెండు వంతులకు పైగా బొగ్గు నుండే వస్తున్నవి. పత్రికలలో పెద్ద అక్షరాలతో వచ్చే మెగావాట్ల లెక్కలో ఈ తేడా తరచు మరుగున పడుతున్నది.

ఎవరి అధికారం ఎంత

రాజ్యాంగం విద్యుత్తును ఉమ్మడి జాబితాలో ఉంచింది. జాతీయ లక్ష్యం నిర్ణయించేది కేంద్రం. రాష్ట్రాల మధ్య పెద్ద తీగలు ఎక్కువగా కేంద్ర సంస్థ పవర్‌గ్రిడ్ చేతిలో ఉన్నవి. భూమి, రైతు రాయితీ, ఇంటి బిల్లు రాష్ట్రాల చేతిలోనివి. ధరను ఖరారు చేసేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. కరెంటు కొని ఇంటింటికి పంచి, బిల్లు వసూలు చేసి, నష్టం మోసేది డిస్కం. 2003 నాటి విద్యుత్ చట్టం వీరందరి హద్దులను గీసింది గాని, పగటి ఎండకు 25 ఏళ్ల ఒప్పందాలు రాసుకునే కాలం వస్తుందని ఆ చట్టం రాసిన నాడు ఎవరూ పెద్దగా ఊహించలేదు.

కర్ణాటకలో బెస్కాం, ఆంధ్రలో మూడు డిస్కంలు, తమిళనాడులో ఒకే సంస్థ, మహారాష్ట్రలో మహావితరణ్, ఇలా ఎక్కడికక్కడ సంస్థ వేరు, బిల్లు వేరు. హద్దు రాయికి ఇటు అటు ఉన్న రెండు బోరుబావులకు కరెంటు వచ్చే గంటలు వేరు కావడానికి కారణం ఇదే.

ఒప్పందం రాసిన ధర, మారిన ధర

సౌర విద్యుత్తు ధర పడిపోయిన వేగం అసాధారణమైనది. 2010లో జరిగిన తొలి జాతీయ వేలంలో యూనిట్ ధర 11, 12 రూపాయల పరిసరాలలో ఉండేది. 2017 మే నాటికి రాజస్థాన్‌లోని భడ్లాలో రూ.2.44కు, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో రూ.1.99కి దిగింది. వినేవారికి ఇది శుభవార్త. అయితే ముందుగా చొరవ చేసి హెచ్చు ధరకు పాతికేళ్ల ఒప్పందం రాసుకున్న డిస్కంకు ఇదే గుదిబండ. పక్క రాష్ట్రం రెండున్నరకు కొంటుంటే తాను నాలుగైదు రూపాయలు ఎందుకు చెల్లించాలన్న ప్రశ్న ఏ ప్రభుత్వానికైనా వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రశ్న 2019లో బహిరంగంగా వచ్చింది. కొత్తగా ఏర్పడిన ప్రభుత్వం ఆ ఏడాది జూలై 1న, పవన, సౌర కొనుగోలు ఒప్పందాలను పునఃసమీక్షించి ధర తగ్గించడానికి ఉన్నతస్థాయి కమిటీని వేసింది. ఉత్పత్తిదారులు హైకోర్టుకు వెళ్లారు. సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం, వివాదం తేలే వరకు యూనిట్‌కు పవన విద్యుత్తుకు రూ.2.43, సౌర విద్యుత్తుకు రూ.2.44 చెల్లించమన్నది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును తోసిపుచ్చి, ఒప్పందంలో రాసుకున్న ధర ప్రకారమే బకాయిలు ఆరు వారాలలో చెల్లించాలని ఆదేశించింది.

దాదాపు మూడేళ్ల ఈ వ్యాజ్యంలో ఇరువైపులా సబబు ఉన్నది. వినియోగదారుని మీద భారం తగ్గించాలన్న ఉద్దేశం తప్పు కాదు. కాని రాసిన మాట నిలవదన్న అనుమానం ఒకసారి కలిగితే బ్యాంకులు వడ్డీ పెంచుతవి, ఆ వడ్డీ తరువాతి ఒప్పందపు ధరలో కలుస్తుంది, చివరకు అది మళ్లీ బిల్లు మీదికే వస్తుంది. హెచ్చు ధరకు ఏళ్ల తరబడి కట్టుబడేటట్లు ఒప్పందం రాసుకోవడం మొదటి పొరపాటు అనుకుంటే, దానిని ఏకపక్షంగా తిరగరాయబోవడం రెండవది.

డిస్కం ఖజానా

డిస్కంల వద్ద డబ్బు లేకపోవడం దేశమంతటి జబ్బు. 2022 జూన్ 3 నాటికి ఉత్పత్తి సంస్థలకు డిస్కంలు బకాయి పడిన మొత్తం సుమారు లక్షా 38 వేల కోట్ల రూపాయలు. దానిని గరిష్ఠంగా 48 నెలల వాయిదాలలో తీర్చేటట్లు కేంద్రం అదే నెలలో నిబంధనలు తెచ్చింది. గడువు దాటితే ఆ డిస్కంకు విద్యుత్ మార్కెట్లో కొనుగోలు నిలిపివేస్తారు. ఈ కట్టడి వచ్చాక పాత బకాయి చాలావరకు తగ్గింది.

బకాయికి మూలం మాత్రం వేరు. రైతుకు ఉచితంగా, పేద ఇంటికి తక్కువకు ఇచ్చే కరెంటు లోటును ఫ్యాక్టరీల నుండి, దుకాణాల నుండి హెచ్చుగా వసూలు చేసి పూడ్చడం మన డిస్కంల పద్ధతి. సౌర విద్యుత్తు చౌక అయ్యాక ఆ ఫ్యాక్టరీలే సొంత పలకలు పెట్టుకుంటున్నవి, లేదా నేరుగా సోలార్ సంస్థల నుండి కొంటున్నవి. 2022 జూన్ నిబంధనలతో వంద కిలోవాట్ల వాడకందారుకు కూడా ఈ వెసులుబాటు దక్కింది. ఎక్కువ చెల్లించేవారు వెళ్లిపోతే డిస్కం వద్ద మిగిలేది రాయితీ పొందేవారే. ఆ లోటును రాష్ట్ర బడ్జెట్ సకాలంలో పూడ్చకపోతే, ట్రాన్స్‌ఫార్మర్ కాలిన ఊరికి కొత్తది రావడానికి పట్టే వారాలలో దాని ఫలితం కనిపిస్తుంది. స్వచ్ఛ విద్యుత్తు చర్చలలో అతి తక్కువగా వినిపించే విషయం ఇది, బహుశా అన్నింటికంటె బరువైనది కూడా.

తీగల కథ

సోలాపూర్‌లో మగ్గాల మీద బతుకుతున్న పద్మశాలి కుటుంబాలకు, రాయచూరు జిల్లా తెలుగు రైతు కుటుంబాలకు తెలియకుండానే ఒక బంధుత్వం ఉన్నది. 2013 డిసెంబరు 31న రాయచూరు, సోలాపూర్‌ల మధ్య 765 కిలోవోల్టుల తీగలో కరెంటు ప్రవహించిన క్షణాన, అంతవరకు విడిగా ఉన్న దక్షిణాది గ్రిడ్ దేశపు గ్రిడ్‌తో ఏకమైంది. అంతకు ముందు ఉత్తర, తూర్పు, పడమటి ప్రాంతాల నుండి దక్షిణానికి వచ్చే దారులు ఇరుకుగా ఉండేవి. ఒడిశాలోని తాల్చేరు నుండి కోలారుకు 2003లో వేసిన డీసీ తీగ అటువంటి ముఖ్యమైన దారి. ఆ ఇరుకు వల్లనే, ఇతర ప్రాంతాలలో కరెంటు మిగిలిన రోజులలో సైతం 2012, 2013లలో ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటకలు తీవ్రమైన కోతలు అనుభవించాయి. విడిగా ఉండడం ఒక్కసారి మాత్రం కలిసివచ్చింది. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు కుప్పకూలి కోట్లాది మంది చీకటిలో ఉన్నప్పుడు దక్షిణాదిలో దీపాలు వెలిగాయి.

సౌర విద్యుత్తుకు తీగ మరీ ముఖ్యం. బొగ్గును రైలులో నగరం దగ్గరకు తేవచ్చు, ఎండను తేలేము. ఎండ, గాలి బాగా ఉన్న చోట, అంటే పావగడలో, అనంతపురంలో, రాజస్థాన్ ఎడారిలో కేంద్రం కట్టి, తీగ మీద నగరానికి పంపాలి. సోలార్ కేంద్రం ఏడాదిన్నరలో లేస్తుంది, పెద్ద తీగకు, సబ్‌స్టేషన్‌కు దాదాపు అంతకు రెండింతల కాలం పడుతుంది. ఫలితంగా ఉత్పత్తికి సిద్ధమైన పలకలు తీగ కోసం ఎదురుచూడడం ఈ రంగంలో మామూలైంది. రాష్ట్రాల మధ్య ప్రసార రుసుమును సౌర, పవన విద్యుత్తుకు పూర్తిగా మినహాయించిన విధానం కొత్త కేంద్రాలకు 2025 జూన్ 30తో ముగిసి, ఆ తరువాత ఏటా నాలుగో వంతు చొప్పున తగ్గుతున్నది. ఆ మినహాయింపు సౌర విద్యుత్తు వ్యాప్తికి తోడ్పడిన మాట నిజమే. అయితే తీగ ఖర్చు మాయం కాలేదు, ఆ తీగను వాడుకుంటున్న ఇతర కొనుగోలుదారుల లెక్కలోకి చేరింది.

పగటి కరెంటు, రాత్రి దీపం

పూర్వం బోరు మోటారుకు కరెంటు అర్ధరాత్రి వచ్చేది. ఇళ్లు, ఫ్యాక్టరీలు నిద్రపోయాక మిగిలిన కరెంటును పొలానికి మళ్లించేవారు. పాములకు, తెగిన తీగలకు భయపడుతూ టార్చిలైటుతో మడి కట్టిన జ్ఞాపకం సరిహద్దు ఊళ్లలో నలభై ఏళ్లు దాటిన ప్రతి రైతుకూ ఉంటుంది. సౌర విద్యుత్తు ఈ వేళను తలకిందులు చేసింది. ఇప్పుడు మధ్యాహ్నం కరెంటు మిగులుతున్నది, సాయంత్రం ఆరు దాటాక కొరత పడుతున్నది. అందువల్ల వ్యవసాయానికి పగటి వేళ ఇవ్వడం రైతుకు, గ్రిడ్‌కు ఇద్దరికీ లాభం. ఈ మార్పు తేవాలంటే పొలాల ఫీడర్‌ను ఊరి ఫీడర్ నుండి విడదీయాలి. కర్ణాటకలో "నిరంతర జ్యోతి" పథకం చేసినది ఆ పనే.

2019లో మొదలైన కేంద్రపు కుసుమ్ పథకం మరో అడుగు ముందుకు వేసి, ఊరి సబ్‌స్టేషన్ దగ్గరలోనే చిన్న సౌరకేంద్రం కట్టి ఆ పరిధిలోని పొలాల ఫీడర్‌ను దానితో నడపమన్నది. హిందూపురానికి పొరుగున ఉన్న గౌరిబిదనూరు తాలూకాలో 2025లో ఈ పథకం కింద కర్ణాటక ప్రభుత్వం కేంద్రాలను ప్రారంభించింది. ఇందులో కరెంటు దూరం ప్రయాణించదు, పెద్ద తీగ అక్కరలేదు, ప్రసార నష్టం తగ్గుతుంది. ఒక లోపం మాత్రం చెప్పుకోక తప్పదు. పగలంతా ఉచితంగా మోటారు నడిస్తే భూగర్భజలం ఎంతకాలం నిలుస్తుంది? వెయ్యి అడుగులు దాటినా చెమ్మ తగలని కోలారు జిల్లాలో ఈ ప్రశ్నకు జవాబు విద్యుత్ శాఖ వద్ద లేదు. నీరు మరొక శాఖది.

ఫ్యాక్టరీలకు, దుకాణాలకు వేళను బట్టి ధర మార్చే పద్ధతిని కేంద్రం 2023 జూన్ నిబంధనలలో విధించింది. దాని ప్రకారం ఎండ వేళ ధర మామూలు ధర కంటె కనీసం 20 శాతం తక్కువగా ఉండాలి. వ్యవసాయం మినహా ఇతరులకు 2025 ఏప్రిల్ నుండి దీనిని విస్తరించాలని నిర్ణయించారు. స్మార్ట్ మీటరు లేని ఇంటికి ఈ పద్ధతి వర్తించదు. ఆ మీటరు పెట్టబోతే ఎక్కడికక్కడ నిరసన వస్తున్నది.

సాయంత్రపు కొరతను తీర్చడానికి మిగిలిన దారి పగటి కరెంటును దాచుకోవడం. బ్యాటరీలు ఒక మార్గం, నీరు మరొకటి. మధ్యాహ్నపు మిగులుతో దిగువ నీటిని ఎగువకు తోడి, సాయంత్రం టర్బైన్ల మీదికి వదలవచ్చు. తెలుగు నేలకు ఈ విద్య కొత్తది కాదు. నాగార్జునసాగర్‌లోను, శ్రీశైలం ఎడమగట్టున ఒక్కొక్కటి 150 మెగావాట్ల ఆరు యూనిట్లలోను ఇటు అటు తిరిగే టర్బైన్లు ముందే పెట్టారు. శ్రీశైలం ఎడమగట్టు తెలంగాణ చేతిలోను, కుడిగట్టు ఆంధ్ర చేతిలోను ఉన్నవి. 2021 వేసవి చివర జలాశయంలో మట్టం తక్కువగా ఉండగానే తెలంగాణ విద్యుదుత్పత్తికి నీరు వదలడం రెండు రాష్ట్రాల మధ్య పెద్ద తగాదా అయింది. సాగునీటి లెక్క తేలనిదే ఆ నీటిని విద్యుత్తుకు నిలవగా వాడుకోవడం కుదరదు.

రెండు రాష్ట్రాల మధ్య విద్యుత్తు పంపకం సాగదని దీని అర్థం కాదు. కోరాపుట్ కొండలలో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుండి ఒడిశా, ఆంధ్రల ఉమ్మడి ఆస్తిగా నడుస్తున్నది. వాటాల మీద వాదనలు వచ్చాయి, కేంద్రం మాత్రం ఆగలేదు.

బొగ్గు ఊళ్ల మాట

బల్లార్‌పూర్, చంద్రపూర్ గనుల ప్రాంతంలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నవి. రాయచూరు, చంద్రపూర్ వంటి కేంద్రాలను ఇప్పట్లో మూయబోరు, అయితే వాటి నడక మారుతున్నది. మధ్యాహ్నం ఎండకు చోటివ్వడానికి వేగం తగ్గించి, సాయంత్రం పెంచాలి. కనిష్ఠ స్థాయి 55 శాతానికి, క్రమంగా 40 శాతానికి దించగలగాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 జనవరిలో నియమం చేసింది. అలా దించి ఎక్కించేటప్పుడు బాయిలర్ల అరుగుదల, మరమ్మతు ఖర్చు పెరుగుతవి. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది ఇంకా వివాదమే.

ఇక్కడే మరొక ముచ్చట. స్వచ్ఛ ఇంధనం కోసమని 2010లో బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సుంకం వేసి, 2016 నాటికి 400 చేశారు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సొమ్ము రాష్ట్రాల పరిహారానికి మళ్లింది. 2025 సెప్టెంబరులో ఆ సుంకాన్నే తీసివేసి జీఎస్టీ రేటును 5 నుండి 18 శాతానికి పెంచారు. గని ఊరి పిల్లలకు మరో పని నేర్పడానికి ఉపయోగపడగలిగిన నిధి పేరు మార్చుకుంటూ ఖాతాలు దాటిపోయింది.

కౌలు కాగితం

తిరిగి పావగడకు. ఇక్కడ భూమిని ప్రభుత్వం సేకరించలేదు, కంపెనీలూ కొనలేదు. కేంద్ర, రాష్ట్ర సంస్థలు కలిసి 2015లో స్థాపించిన సోలార్ అభివృద్ధి సంస్థ సుమారు 2,300 మంది రైతుల నుండి 28 ఏళ్లకు కౌలుకు తీసుకొని ఉత్పత్తిదారులకు ఇచ్చింది. కౌలు ఎకరాకు ఏడాదికి రూ.21,000, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు. పట్టా రైతు పేరిటనే ఉంటుంది. భూసేకరణ గొడవలతో ఆగిపోయిన ఎన్నో ప్రాజెక్టులను చూసిన దేశంలో ఇది మెచ్చదగిన పద్ధతే. వానకు ఆశపడి నష్టపోయే చోట ఏటా నిశ్చితంగా వచ్చే డబ్బు అప్పులు తీర్చింది, పిల్లల చదువులకు ఆసరా అయింది.

అయినా కాగితాన్ని రెండోసారి చదవాలి. రెండేళ్లకు 5 శాతమంటే ఏడాదికి రెండున్నర శాతం కూడా నిండదు. ప్రతిసారీ అప్పటి కౌలు మీదనే లెక్కించినా పదేళ్లకు ఎకరాకు సుమారు 26,800 అవుతుంది. బజారులో ధరలు అంతకంటె వేగంగా పెరుగుతున్నవి, కనుక కౌలు అంకె పెరిగినా దానితో కొనగలిగే సరుకు తగ్గుతుంది. పోలికకు, మహారాష్ట్రలో పొలాల ఫీడర్ల కోసం చేపట్టిన ముఖ్యమంత్రి సౌర కృషి వాహిని రెండో దశలో హెక్టారుకు ఏడాదికి లక్షా 25 వేలు, ఏటా 3 శాతం పెంపు నిర్ణయించారు. ఎకరాకు అది సుమారు 50 వేలు. సబ్‌స్టేషన్ పక్కనే కావలసిన కొద్దిపాటి భూమికి గిరాకీ ఎక్కువన్న మాట నిజమే గాని, తేడా రెండింతల పైబడి ఉండడం గమనించదగినది.

కౌలు పట్టాదారుకే వస్తుంది. ఆ పొలాలలో కలుపు తీసి, కాయలు వలిచి బతికిన భూమిలేని కూలీలకు, గట్ల మీద గొర్రెలు మేపుకున్న వారికి కాగితంలో చోటు లేదు. కేంద్రంలో దొరికే పలకలు కడగడం, గడ్డి కోయడం, కాపలా వంటి పనులు పోయిన పనికి సరితూగేటంత మందికి లేవు. జాతీయ విధానాలలో ఎక్కడా లేని పద్దు ఇది. ఆంధ్ర వైపున ఎన్.పి.కుంటలో, అప్పటి కర్నూలు జిల్లా గని, శకునాల పరిసరాలలో వెయ్యి మెగావాట్ల పార్కు కట్టిన చోట సైతం పట్టా లేకుండా సాగు చేసుకున్నవారి సంగతి ఇంతే చిక్కుగా పరిణమించింది.

ఇకముందు హద్దుకు ఏ వైపున కౌలు ఒప్పందం వచ్చినా సంతకానికి ముందు అడగవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. కౌలు చెల్లించే బాధ్యత ప్రభుత్వ సంస్థదా, కంపెనీదా? కంపెనీ చేతులు మారితే ఏమవుతుంది? గడువు నడుమ అన్నదమ్ముల పంపకం జరిగితే కౌలు ఎలా విడదీస్తారు? ఆ భూమి మీద బ్యాంకు అప్పు పుడుతుందా? చెరువుకు నీరు చేరే వంకలను కప్పివేస్తారా? గడువు తీరాక పునాదులు, పలకలు ఎవరు తొలగిస్తారు? పలకల ఆయుష్షు సుమారు 25 ఏళ్లు. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు సోలార్ పలకలను తమ పరిధిలోకి తెచ్చి, తయారీదారులు ఆ వ్యర్థాన్ని 2034-35 వరకు నిలవ ఉంచాలన్నవి. పావగడ కౌలు గడువు ముగిసేది అంతకు సుమారు పదేళ్ల తరువాత.